టెన్నిస్ కోర్టు గీత నుంచి మ్యాచ్ రోజు రాత్రి దాకా: ఏది ముందు, ఏది తర్వాత

టెన్నిస్ మీద పాఠకుల నుంచి పదేపదే వచ్చే ప్రశ్నలు రెండు. మా కోర్టు కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ప్రొఫెషనల్స్ రోజంతా ఏం చేస్తారు, అందులో మనం ఏది పాటించగలం?

ఈ రెండూ వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ కావు. ప్రొఫెషనల్ ఆటగాళ్లు దాదాపు వారానికో కొత్త కోర్టు మీద దిగుతారు. పైగా మ్యాచ్ ఎన్నింటికి మొదలవుతుందో చాలాసార్లు వాళ్లకే తెలియదు. అదే కోర్టులో ముందున్న మ్యాచ్ గంటలో ముగియొచ్చు, నాలుగు గంటలు సాగొచ్చు. అందుకే వాళ్లు గడియారాన్ని కాకుండా ఒక వరుసను నమ్ముకుంటారు. ఏం తిన్నాక ఏం చేయాలి, ఏది చేశాక కోర్టులోకి దిగాలి అన్నది ఎక్కడికెళ్లినా మారదు. కోర్టు గీయడంలోనూ అంతే, వరుస తప్పితే ఎంత మంచి టేపు ఉన్నా గీత వంకరపోతుంది.

ఇది కోచ్, ఫిజియో, గ్రౌండ్ సిబ్బంది లాంటి వాళ్లెవరూ లేకుండా వారానికి మూడు నాలుగు సార్లు ఆడేవాళ్ల కోసం రాసింది. కోర్టు ఇప్పటికే ఉన్నవాళ్లు కూడా 3వ భాగాన్ని దాటేయకండి. కొత్తగా గీయడానికైనా, పాత గీతల్ని తనిఖీ చేయడానికైనా పద్ధతి ఒకటే.

## 1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

కోర్టు పనికి:

- కనీసం 30 మీటర్ల కొలత టేపులు రెండు. ఒక్కటే ఉంటే మూలలు కలపడం నరకం.
- సుద్దపొడి పూసిన దారం, పెన్సిల్, మేకులు
- 2 అంగుళాల మాస్కింగ్ టేపు, చిన్న రోలర్
- కోర్టు పూతకు సరిపడే యాక్రిలిక్ లైన్ పెయింట్. మామూలు ఆయిల్ పెయింట్ వద్దు, తడి తగిలితే జారుతుంది.
- ఇద్దరు తోడు మనుషులు

ఆట పనికి:

- బరువు తూచే మెషీన్
- సాగే రబ్బరు బ్యాండు ఒకటి
- ఒక నోటుబుక్కు

ఈ రెండో జాబితాలో స్మార్ట్ వాచీ లేదేమిటని అడగొద్దు. ఉంటే మంచిదే, లేకపోయినా ఈ పద్ధతిలో ఏదీ ఆగదు.

## 2. స్థలం: గీతల బయట ఎంత ఖాళీ ఉంది?

కోర్టు పొడవు 78 అడుగులు (23.77 మీటర్లు). వెడల్పు డబుల్స్‌కు 36 అడుగులు (10.97 మీటర్లు), సింగిల్స్‌కు 27 అడుగులు (8.23 మీటర్లు). ఇవి చాలామందికి తెలిసినవే. పొరపాటు జరిగేది వీటి బయట.

క్లబ్ స్థాయి ఆటకు బేస్‌లైన్ (కోర్టు రెండు చివరల్లో ఉండే అడ్డ గీత) వెనక కనీసం 18 అడుగులు, పక్కల కనీసం 10 అడుగుల చొప్పున ఖాళీ ఉండాలి. అంతర్జాతీయ పోటీలకు ఇవి 21, 12 అడుగులు. అంటే పూర్తిస్థాయి కోర్టుకు మొత్తం 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల స్థలం కావాలి.

బేస్‌లైన్ వెనక ఖాళీ తక్కువైతే టాప్‌స్పిన్‌తో, అంటే ముందుకు గిరగిరా తిరుగుతూ వచ్చి ఎత్తుగా లేచే బంతికి వెనక్కి వెళ్లలేరు. తెలియకుండానే ప్రతి బంతినీ తొందరగా, శరీరానికి దగ్గరగా కొట్టడం అలవాటైపోతుంది. స్థలం చాలకపోతే డబుల్స్ గీతలు వదిలేసి సింగిల్స్ కోర్టు మాత్రమే గీయండి. గోడకు గుద్దుకునే డబుల్స్ కోర్టు కంటే చుట్టూ ఖాళీ ఉన్న సింగిల్స్ కోర్టు ఎన్నో రెట్లు నయం.

దిశ కూడా చూసుకోవాలి. బయటి కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. తూర్పు పడమరలుగా వేస్తే పొద్దునో సాయంత్రమో ఒక ఆటగాడి కళ్లలోకి సూర్యుడు సూటిగా కొడతాడు. సర్వ్ కోసం బంతిని పైకి ఎగరేసినప్పుడు ఆ బాధేమిటో తెలుస్తుంది.

హార్డ్ కోర్టు అయితే వాలు సుమారు 1 శాతం, అదీ ఒకే వైపుకు. ఒక పక్క నుంచి రెండో పక్కకు వాలు పెట్టడం అన్నిటికన్నా మేలు. నెట్ దగ్గర ఎత్తు పెట్టి రెండు బేస్‌లైన్ల వైపు వాల్చడం, లేదా నీళ్లు నెట్ కిందికి చేరేలా రెండువైపుల నుంచీ వాల్చడం రెండూ తప్పే.

## 3. కోర్టు గీయడం: నెట్ నుంచి బయటికి

చాలామంది ఒక మూలలో మొదలుపెట్టి బేస్‌లైన్ గీసుకుంటూ పోతారు. అవతలి చివరకు చేరేసరికి ఆ గీత అరడుగు పక్కకు జరిగి ఉంటుంది. అన్ని కొలతలకూ మొదలు నెట్ గీతే కావాలి.

మొదలుపెట్టే ముందు ఒక నియమం మనసులో పెట్టుకోండి. కొలతలన్నీ గీత బయటి అంచు వరకు. గీత మందం కోర్టు లోపలికే వస్తుంది. మధ్యలో ఉండే సెంటర్ సర్వీస్ లైన్, బేస్‌లైన్ మీది సెంటర్ మార్క్ మాత్రం దీనికి మినహాయింపు. వాటి మందం మధ్యరేఖకు అటు సగం, ఇటు సగం ఉంటుంది.

3.1 నెట్ గీత. రెండు పోస్టుల మధ్య దారం లాగండి. పోస్టుల మధ్య నుంచి మధ్యకు 42 అడుగులు ఉండాలి. ఒక్కో పోస్టు డబుల్స్ గీతకు 3 అడుగుల బయట ఉంటుంది. దారం మీద సరిగ్గా మధ్యబిందువు గుర్తించండి. దీన్ని 'మ' అందాం.

3.2 నెట్ మీద నాలుగు గుర్తులు. 'మ' నుంచి రెండువైపులా 18 అడుగుల దగ్గర ఒక్కో గుర్తు. ఇవి డబుల్స్ సైడ్‌లైన్లు. 'మ' నుంచి 13 అడుగుల 6 అంగుళాల దగ్గర మరో రెండు. ఇవి సింగిల్స్ సైడ్‌లైన్లు. వీటి మధ్య మిగిలే 4 అడుగుల 6 అంగుళాల పట్టీయే అల్లీ.

3.3 మూల కలపడం. అసలు పని ఇది. ఎడమ డబుల్స్ గుర్తు దగ్గర మొదటి టేపు సున్నాను, కుడి డబుల్స్ గుర్తు దగ్గర రెండో టేపు సున్నాను ఇద్దరు మనుషులు పట్టుకోవాలి. మీరు రెండు టేపుల చివరలూ పట్టుకుని బేస్‌లైన్ వైపు నడవండి. మొదటి టేపు మీద 39 అడుగులు, రెండో టేపు మీద 53 అడుగుల 1 అంగుళం ఎక్కడ కలుస్తాయో అక్కడ ఎడమ మూల. అక్కడో చుక్క పెట్టండి.

మెట్రిక్‌లో అయితే 11.885 మీటర్లు, 16.18 మీటర్లు. సింగిల్స్ కోర్టు మాత్రమే గీస్తుంటే సింగిల్స్ గుర్తుల దగ్గర నుంచి 39 అడుగులు, 47 అడుగుల 5¼ అంగుళాలు.

మనుషుల్ని తారుమారు చేసి కుడి మూల, తర్వాత నెట్ అవతల మిగిలిన రెండు మూలలు.

3.4 తనిఖీ. రంగు డబ్బా మూత ఇప్పుడే తీయకండి. బేస్‌లైన్ మీది రెండు మూలల మధ్య కచ్చితంగా 36 అడుగులు ఉండాలి. కోర్టు మొత్తానికి ఎదురెదురు మూలల మధ్య దూరం రెండు వైపులా 85 అడుగుల 11 అంగుళాలు రావాలి. రెండు కర్ణాలూ సమానంగా రాకపోతే కోర్టు పక్కకు ఒరిగినట్టే, 3.3కి వెనక్కి వెళ్లండి.

3.5 సర్వీస్ లైన్. నెట్ నుంచి 21 అడుగుల దగ్గర, రెండు సింగిల్స్ సైడ్‌లైన్ల మధ్య మాత్రమే. ఇది డబుల్స్ గీత దాకా సాగకూడదు. 21 అడుగులు అనేది బేస్‌లైన్ వైపు ఉన్న అంచుకు. అక్కడ నుంచి బేస్‌లైన్ బయటి అంచుకు 18 అడుగులు మిగిలితే లెక్క సరి.

3.6 మధ్య గీతలు. 'మ' నుంచి సర్వీస్ లైన్ మధ్యబిందువు దాకా సెంటర్ సర్వీస్ లైన్, 2 అంగుళాల మందం. బేస్‌లైన్ మధ్యలో కోర్టు లోపలి వైపుకు 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల మందంతో సెంటర్ మార్క్.

3.7 రంగు. బేస్‌లైన్ 4 అంగుళాల మందం వరకు ఉండొచ్చు, మిగతావి 1 నుంచి 2 అంగుళాలు. మాస్కింగ్ టేపు అంచుల్ని వేలితో గట్టిగా రుద్దాక ముందు పల్చగా ఒక పూత, అది ఆరాక రెండోది. పెయింట్ మరీ గట్టిపడకముందే టేపును నేలకు దగ్గరగా మడిచి నెమ్మదిగా లాగండి. నిటారుగా పైకి లాగితే అంచు రంపపు పళ్లలా వస్తుంది.

### ఇక్కడ దొర్లే తప్పులు

- *టేపు జరపడం.* సర్వీస్ లైన్ కొలిచి, టేపు అక్కడికి జరిపి మళ్లీ బేస్‌లైన్ కొలవడం. ప్రతి జరుపుకీ కాస్త తేడా కలుస్తుంది. సున్నా ఎప్పుడూ నెట్ దగ్గరే ఉండనివ్వండి.
- *టేపు వదులు.* ఒకరు గట్టిగా, ఒకరు వదులుగా పట్టుకుంటే కర్ణం అర అంగుళం తప్పుతుంది. ఇద్దరూ ఒకే బిగువుతో లాగాలి, గాలి వీస్తుంటే టేపును నేలకు ఆనించాలి.
- *గోడను నమ్మడం.* కంచె లేదా గోడ నేరుగా ఉంది కదా అని దానికి సమాంతరంగా గీయడం. ఆ గోడ కట్టినవారు టెన్నిస్ కోర్టు కోసం కట్టలేదు.
- *పచ్చి కాంక్రీటు మీద పూత.* కొత్త కాంక్రీటు గట్టిపడటానికి కనీసం 28 రోజులు ఆగాలి. తొందరపడితే పూత పొక్కులు లేస్తుంది.

### పిల్లల కోసమైతే

కొత్త కోర్టు అక్కర్లేదు. చిన్నపిల్లలు మెత్తటి ఎర్ర బంతితో మొదలుపెట్టే దశలో కోర్టు పొడవు 36 అడుగులు, అంటే మీ డబుల్స్ కోర్టు వెడల్పు అంతే. కాబట్టి పెద్ద కోర్టుకు అడ్డంగా చిన్న నెట్ నిలబెడితే సరిపోతుంది. నెట్ ఎత్తు మధ్యలో 33 అంగుళాలు మించొద్దు. తర్వాతి నారింజ దశకు పొడవు 60 అడుగులు, వెడల్పు 21 నుంచి 27 అడుగులు. సుద్దతో గీస్తే చాలు. ఎనిమిదేళ్ల పిల్లాడిని పూర్తి కోర్టులో పసుపు బంతితో ఆడించి, వాడికి సర్వ్ రావట్లేదని బాధపడటంలో అర్థం లేదు.

## 4. నెట్: రోజూ కొలవాల్సింది ఇదొక్కటే

మధ్యలో 3 అడుగులు (91.4 సెంటీమీటర్లు), పోస్టుల దగ్గర 3 అడుగుల 6 అంగుళాలు (1.07 మీటర్లు). నెట్ తాడు ఎండకు, గాలికి సాగుతుంది. నిన్న సరిగ్గా ఉన్నది ఇవాళ ఉండకపోవచ్చు.

వరుస ఇది. ముందు నెట్‌ను మధ్యలో కిందికి పట్టి ఉంచే పట్టీ వదిలేయండి. మధ్యలో నెట్ 3 అడుగులకు కాస్త పైన నిలిచేదాకా పోస్టు దగ్గరి హ్యాండిల్ తిప్పండి. అప్పుడు పట్టీతో కిందికి లాగి 3 అడుగుల దగ్గర కట్టండి. పట్టీ బిగించాక హ్యాండిల్ తిప్పితే పట్టీ తెగడమో, పోస్టు లోపలికి వంగడమో జరుగుతుంది.

టేపు లేనప్పుడు రాకెట్ వాడొచ్చు. మామూలు రాకెట్ పొడవు 27 అంగుళాలు. కోర్టుకు వెళ్లేముందు ఇంట్లోనే మీ రాకెట్ తల వెడల్పు ఎంతో ఒకసారి కొలిచి పెట్టుకోండి. నిలువు రాకెట్ మీద మరో రాకెట్‌ను అడ్డంగా పెడితే సుమారు 36 అంగుళాలకు చేరుతుంది. ఇది అంచనా మాత్రమే, పోటీ ఉంటే టేపు తేవాల్సిందే.

క్లబ్బుల్లో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. డబుల్స్ నెట్ మీద సింగిల్స్ ఆడేటప్పుడు సింగిల్స్ గీతకు 3 అడుగుల బయట, రెండువైపులా 3 అడుగుల 6 అంగుళాల కర్రలు నిలబెట్టి నెట్‌ను పైకెత్తాలి. అవి పెట్టకపోతే సింగిల్స్ గీత దగ్గర నెట్ దాదాపు ఒక అంగుళం కిందికి ఉంటుంది. గీత వెంబడి నేరుగా కొట్టే షాట్లు అప్పుడు తేలిగ్గా దాటతాయి. నెలల తరబడి అలా ఆడి, తర్వాత టోర్నమెంటులో కర్రలు పెట్టిన నెట్ ముందు నిలబడితే అవే షాట్లు నెట్ అంచుకు తగులుతుంటాయి. లోపం చేతిలో ఉందనుకుని స్వింగ్ మార్చుకున్నవాళ్లు ఉన్నారు.

## 5. నేల పరీక్ష

ప్రొఫెషనల్ ఆటగాళ్లు కొత్త కోర్టు మీద మొదటి ప్రాక్టీసులో చూసేది గెలుపోటములు కాదు. బంతి ఎంత ఎత్తు లేస్తోంది, నేలకు తగిలాక ఎంత వేగం కోల్పోతోంది, పాదం ఎంత జారుతోంది అన్నవి చూస్తారు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కోర్టుల వేగాన్ని నిదానం నుంచి వేగం దాకా ఐదు తరగతులుగా విడగొడుతుంది. మనకు అంత పరికరం అక్కర్లేదు.

- నీళ్ల పరీక్ష. కోర్టంతా తడిపి, ఎండ ఉన్న రోజు గంట తర్వాత చూడండి. ఇంకా నీళ్లు నిలిచిన చోట్ల చుట్టూ సుద్దతో గీత గీయండి. అక్కడ పూత కింద గుంట ఉంది, నింపించాలి.
- బంతి పరీక్ష. 100 అంగుళాల (254 సెంటీమీటర్లు) ఎత్తు నుంచి వదిలితే మంచి బంతి గట్టి కాంక్రీటు మీద 53 నుంచి 58 అంగుళాలు లేవాలి. ముందు బంతి మంచిదని తేల్చుకున్నాక అదే బంతిని కోర్టులో పది చోట్ల వదలండి. ఒకచోట మొద్దు శబ్దంతో తక్కువ లేచిందంటే అక్కడ పై పొర కింద వదులైంది.
- పగుళ్లు. వెంట్రుకవాసి పగుళ్లు పూత వేసేటప్పుడు పూడతాయి. గోరు దూరేంత పగులైతే పూతతో దాచకండి. రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడండి. ఒకటి పైకి లేచిందంటే అడుగు నేల కదులుతోంది, అది తెలిసినవాళ్లకు చూపించాల్సిన పని.

## 6. రోజువారీ సంరక్షణ, నేల రకాన్ని బట్టి

హార్డ్ కోర్టు. ఆకులు, ఇసుక ఊడ్చడం. ఇసుక రేణువులు బూటు కింద పడి పూతను గరుకు కాగితంలా గీకేస్తాయి. అంతకుమించి పెద్ద పనేం లేదు.

మట్టి కోర్టు. ఇక్కడ పనంతా ఉంది. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే కోర్టుల మీద ఎర్రటి ఇటుక పొడి పొర కేవలం 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటుంది, కింద సున్నపురాయి. మట్టి కోర్టు అంటే లోతుగా మట్టి పోయడం కాదన్నమాట. ఆ పల్చటి పొరను సమంగా నిలబెట్టడమే అసలు పని.

ఆట అయ్యాక వరుస:

1. జారిన చోట పడిన గుంటల్ని పాదంతో నెట్టి పూడ్చండి.
2. వెడల్పాటి బ్రష్‌ను కంచె దగ్గర మొదలుపెట్టి చుట్లుగా లోపలికి లాగుతూ రండి. నేరుగా అటూ ఇటూ లాగితే పొడి అంతా ఒక చివర పోగవుతుంది.
3. గీతల్ని విడిగా ఊడవండి.
4. నీళ్లు పట్టండి. నేల రంగు ముదరాలి, నీరు నిలవకూడదు.

కంచె దాకా ఊడవకుండా బేస్‌లైన్ల మధ్యే ఊడ్చి వెళ్లిపోవడం సర్వసాధారణంగా జరిగే తప్పు. కొన్నాళ్లకు పొడి అంతా బయటికి చేరి, లోపల గట్టి నేల తేలుతుంది.

గడ్డి కోర్టు. వింబుల్డన్‌లో పోటీల సమయంలో గడ్డి ఎత్తు 8 మిల్లీమీటర్లు. అది చూసి ఎవరూ ఇంటి దగ్గర ప్రయత్నించకండి. ఏడాది పొడవునా దాని మీదే పనిచేసే బృందం లేకుండా గడ్డి కోర్టు నిలవదు.

బూట్లు కూడా నేలను బట్టే. మట్టికి అడుగంతా చేపముల్లు గీతలున్నవి, గడ్డికి చిన్న బొడిపెలున్నవి, హార్డ్ కోర్టుకు అరగని గట్టి అడుగున్నవి. పరుగు బూట్లతో మాత్రం ఏ కోర్టులోనూ దిగొద్దు. వాటి మడమ ఎత్తుగా, పక్కల మెత్తగా ఉంటుంది. ఒక్కసారిగా పక్కకు తిరిగి పరిగెత్తినప్పుడు చీలమండ మడతపడేది అందుకే.

## 7. మ్యాచ్ రోజు: వెనక నుంచి లెక్క

మొదటి సర్వ్‌ను సున్నా అనుకుని వెనక్కి లెక్కపెట్టుకోండి.

3 గంటల ముందు: భోజనం. పిండిపదార్థాలు ఎక్కువ, నూనె, పీచు తక్కువ. శరీర బరువులో కిలోకు 2 నుంచి 3 గ్రాముల పిండిపదార్థం ఒక మంచి లెక్క. మ్యాచ్ రోజు కొత్త వంటకం దేన్నీ రుచి చూడకండి.

2 గంటల ముందు: నీళ్లు. 400 నుంచి 600 మిల్లీలీటర్లు, ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా. మిగిలింది మూత్రంగా పోవడానికి సమయం ఉంటుంది.

1 గంట ముందు: బ్యాగు.

- రాకెట్లు రెండు, ఒకే బిగువుతో స్ట్రింగ్ చేసినవి
- సాక్సులు, చొక్కా అదనంగా ఒక్కో జత
- నీళ్లు, ఉప్పూ చక్కెరా ఉన్న పానీయం, అరటిపండ్లు
- టవలు, టోపీ, సన్‌స్క్రీన్
- బొబ్బలకు ప్లాస్టర్

40 నిమిషాల ముందు: వార్మప్. కింద వివరంగా ఉంది.

మ్యాచ్ వాయిదా పడితే? భోజనం మళ్లీ చేయకండి. అరటిపండు లాంటిది గంటకొకటి తినండి, వార్మప్‌లోని మొదటి రెండు మెట్లు మళ్లీ చేయండి. లాకర్ గదిలో ఎదురుచూసే ప్రొఫెషనల్స్ చేసేదీ ఇంతే. పిలుపు వచ్చేదాకా కొద్దికొద్దిగా తింటూ, ఒళ్లు చల్లబడకుండా చూసుకుంటారు.

## 8. వార్మప్, నాలుగు మెట్లు

1. వేడెక్కించడం, 5 నిమిషాలు. నెమ్మదిగా జాగింగ్, పక్క అడుగులు, వెనక్కి పరుగు. నుదుటి మీద కాస్త చెమట పట్టాలి.
2. కీళ్లు కదిలించడం, 5 నిమిషాలు. కాళ్లు ముందుకూ పక్కలకూ ఊపడం, నడుస్తూ లంజెస్ (ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచడం), నడుము పైభాగాన్ని తిప్పడం, చేతులు గుండ్రంగా తిప్పడం. ఒకే భంగిమలో అరనిమిషం సాగదీసి పట్టుకోవడం ఇప్పుడు వద్దు, ఆట అయ్యాక చేయండి.
3. భుజం, తుంటి మేల్కొలపడం, 5 నిమిషాలు. మోచేయి పక్కటెముకలకు ఆనించి, బ్యాండును బయటికి లాగడం రెండు చేతులతో 15 సార్ల చొప్పున. తర్వాత మోకాళ్ల పైన బ్యాండు వేసుకుని పక్కకు నడక.
4. వేగం, 3 నిమిషాలు. చిన్న ఎగురుతో దిగి వెంటనే 5 మీటర్ల పరుగు, ఐదారుసార్లు. చివరివి పూర్తి వేగంతో.

ఆ తర్వాతే రాకెట్. సర్వీస్ లైన్ దగ్గర నుంచి మెల్లగా, తర్వాత బేస్‌లైన్, వాలీలు (బంతి నేలకు తగలకముందే కొట్టేవి), స్మాష్‌లు (తల మీది నుంచి బలంగా కొట్టేవి), ఆఖర్న సర్వ్‌లు. మొదటి ఆరు సర్వ్‌లు సగం బలంతోనే.

అధికారిక మ్యాచ్‌లో ప్రత్యర్థితో కోర్టు మీద చేసే వార్మప్ 5 నిమిషాలకు మించదు. ఒళ్లు వేడెక్కించుకోవడానికి అది చాలదు. ఆ 5 నిమిషాలూ అవతలివారి బ్యాక్‌హ్యాండ్ ఎలా ఉందో చూడటానికి వాడుకోండి.

## 9. పాయింట్ల మధ్య 25 సెకన్లు

నిబంధనల ప్రకారం పాయింట్ల మధ్య 25 సెకన్లు, వైపులు మారేటప్పుడు 90 సెకన్లు, సెట్ ముగిశాక 120 సెకన్లు. ప్రతి సెట్‌లో మొదటి గేమ్ తర్వాత కూర్చోవడానికి వీల్లేదు, నేరుగా అవతలికి వెళ్లాలి.

ఈ 25 సెకన్లను మూడు ముక్కలు చేసుకోండి. పాయింట్ ముగియగానే నెట్‌కు వీపు తిప్పి, రాకెట్‌ను రెండో చేతిలోకి మార్చి నడవండి, పట్టు వదులవుతుంది. తర్వాత స్ట్రింగ్స్ వైపు చూస్తూ రెండు నిదానమైన శ్వాసలు, వదిలేది పీల్చేదానికన్నా పొడవుగా. ఆఖర్న ఒక్క నిర్ణయం: సర్వ్ ఎక్కడికి, లేదా రిటర్న్ ఎటు. గీత దగ్గరికి వచ్చాక ఆలోచన మార్చుకోవద్దు. డబుల్ ఫాల్టులు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం) చాలావరకు బంతి గాల్లో ఉండగా మనసు మార్చుకున్నప్పుడు వచ్చేవే, నా లెక్కలో.

టెన్షన్ వచ్చినప్పుడు ఎవరైనా చేసే పని తొందరపడటం. అప్పుడు ఈ మూడు ముక్కల్లో మొదటిది ఎగిరిపోతుంది. కాబట్టి వరుసగా రెండు పాయింట్లు పోతే మూడోదానికి ముందు టవలు దాకా నడవండి.

## 10. ఆట అయ్యాక మొదటి గంట

1. 5 నుంచి 10 నిమిషాల నడక లేదా తేలికపాటి సైక్లింగ్.
2. చెమట తుడుచుకుని, తడి బట్టలు విప్పి బరువు తూచుకోండి.
3. పిక్కలు, తొడలు, తుంటి, భుజాలు సాగదీయండి.
4. భోజనం. శరీర బరువులో కిలోకు సుమారు 0.3 గ్రాముల ప్రొటీన్, దాంతోపాటు పిండిపదార్థాలు.

బరువు ఎందుకో ఒక లెక్క చూడండి. ఆటకు ముందు 70 కిలోలు, తర్వాత 69.2. ఆటలో అర లీటరు నీళ్లు తాగారు. అంటే పోయిన చెమట 0.8 లీటర్లు కాదు, 1.3 లీటర్లు. గంటన్నర ఆడి ఉంటే గంటకు దాదాపు 0.87 లీటర్లు. వచ్చేసారి అదే ఎండలో ఎంత తాగాలో ఇప్పుడు మీకు తెలుసు.

శరీర బరువులో 2 శాతానికి మించి తగ్గకుండా చూసుకోవాలి. తగ్గిన ప్రతి కిలోకూ 1.25 నుంచి 1.5 లీటర్ల చొప్పున వచ్చే కొన్ని గంటల్లో భర్తీ చేయండి. ఆట తర్వాత బరువు పెరిగి ఉంటే మాత్రం మీరు అవసరానికి మించి తాగుతున్నారు. ఉప్పు లేని నీళ్లు మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది నీరు తక్కువవడం కన్నా ప్రమాదం.

ఆట గంట దాటితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరం. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. మూడో సెట్‌లో కాళ్లు బరువెక్కడాన్ని స్టామినా లోపం అనుకునేవాళ్లలో కొందరికి ఈ రెండు పండ్లే మందు.

## 11. వారం మొత్తం

ప్రొఫెషనల్స్ రోజుకు నాలుగైదు గంటలు సాధన చేస్తారని విని అదే మొదలుపెట్టేవాళ్లున్నారు. అది వాళ్ల ఉద్యోగం. సాధన తర్వాత మిగతా రోజంతా తిండి, ఫిజియో, నిద్రకే పోతుంది. మీకు ఉద్యోగమో చదువో ఉంటే వారానికి ఇలా పంచుకోండి:

- రెండు రోజులు మ్యాచ్ ఆట
- ఒక రోజు ఒకే షాట్ మీద సాధన
- రెండు రోజులు అరగంట చొప్పున బలం పెంచే వ్యాయామం: స్క్వాట్లు, లంజెస్, పుల్ వ్యాయామాలు, ప్లాంక్
- పూర్తిగా ఖాళీ ఒక రోజు, మిగిలిన రోజు మీ ఇష్టం

పిల్లలకు ఒక తేలికైన హద్దు ఉంది: వారానికి ఆడించే గంటలు వాళ్ల వయసు సంఖ్యను దాటకూడదు. పదేళ్లయితే పది గంటలు.

నిద్ర. ఎనిమిది గంటలు లక్ష్యంగా పెట్టుకోండి. సాయంత్రం మ్యాచ్‌లకు ముందు కాఫీ తాగేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం కునుకు 20, 30 నిమిషాలతో ఆపండి.

స్ట్రింగ్స్. వారానికి ఎన్నిసార్లు ఆడతారో ఏడాదికి అన్నిసార్లు మార్చాలన్నది పాత లెక్క, ఇప్పటికీ పనికొస్తుంది. పాలిస్టర్ స్ట్రింగ్స్ తెగవు కాబట్టి బాగానే ఉన్నాయనుకోవడం తప్పు. అవి తెగకుండానే జీవం కోల్పోతాయి, ఆ భారం మోచేయి మోస్తుంది. రాకెట్‌ను ఎండలో పెట్టిన కారులో వదలకండి.

బంతులు. పోటీల్లో మొదటి 7 గేముల తర్వాత, ఆపైన ప్రతి 9 గేములకు కొత్త బంతులిస్తారు. మనం అంత మార్చలేం. 5వ భాగంలోని బంతి పరీక్షలో 53 అంగుళాలు లేవనివాటిని సర్వ్ సాధనకు పక్కన పెట్టండి.

సప్లిమెంట్లు. ర్యాంకింగ్ టోర్నమెంట్లు ఆడే ఉద్దేశం ఉంటే డబ్బా మీద రాసింది నమ్మి ఏదీ మింగకండి. శరీరంలో నిషేధిత పదార్థం దొరికితే అది ఎలా వచ్చినా బాధ్యత ఆటగాడిదే. ప్రపంచ డోపింగ్ వ్యతిరేక సంస్థ నిషేధిత జాబితా ఏటా జనవరి 1న మారుతుంది. పై స్థాయి ఆటగాళ్ల మీద నిఘా ఇంకా గట్టిది. పరీక్షల జాబితాలో ఉన్నవాళ్లు రోజూ ఒక గంట ఎక్కడ దొరుకుతారో ముందే రాసివ్వాలి. 12 నెలల్లో మూడుసార్లు ఆ లెక్క తప్పితే నిషేధం దాకా వెళ్తుంది. టీవీలో కనిపించే జీవితం వెనక ఇదీ ఉంది.

## 12. నోటుబుక్కులో ఏం రాయాలి

ఆడిన ప్రతిరోజూ ఒక్క వరుస చాలు: తేదీ, నేల రకం, ఎన్ని నిమిషాలు, ముందు బరువు, తర్వాత బరువు, ఎంత తాగారు, ఎంత నిద్ర, ఎక్కడైనా నొప్పి ఉంటే పదికి ఎంత.

నొప్పి గడిని చదివే పద్ధతి ఇది. కండరాల్లో రెండువైపులా సమానంగా ఉండి రెండు రోజుల్లో తగ్గితే మామూలు అలసట. కీలు దగ్గర, ఒకవైపే, ఆడేకొద్దీ పెరిగేది అయితే సర్వ్‌లు ఆపి ఒక వారం ఆట సగానికి తగ్గించండి. మోచేయి బయటివైపు నొప్పి ఉంటే స్ట్రింగ్ బిగువు కాస్త తగ్గించి, రాకెట్ పిడి మందం మీ చేతికి సరిపోతోందో లేదో చూడండి. రెండు వారాలైనా అంకె తగ్గకపోయినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా, కీలు వాచినా క్రీడా వైద్యుల దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి, ఏ నేల మీద, ఎన్ని నిమిషాలు ఆడాక అన్నవే వాళ్లు అడిగే మొదటి ప్రశ్నలు.